ఉగాది ముంగట చలి: చేన్ల రాళ్లు, అశోక్ నగర్ల వణుకు

శివరాత్రికి చలి శివశివా అనుకుంట పోతదని మన పెద్దోళ్ల మాట. 2023ల శివరాత్రి ఫిబ్రవరి 18న అయిపోయింది. చలి సుత శివశివా అనుకుంటనే పోయింది. ఇంట్ల చెద్దర్లు ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి పైన పెట్టినం. మార్చి 16 నుంచి మళ్ల దించినం. ఉగాదికి ఇంక ఆరు రోజులుండంగ, మామిడి పిందెలు కాయలయ్యే టైముకు, దక్కన్ పీఠభూమి మీద రాళ్లవాన, ఈదురు గాలి, సల్లటి రాత్రులు. గిట్ల ఎన్నడన్న చూసినమా అని ఊర్లె అడుగుతె ముసలోళ్లు సుత తల అడ్డంగ ఊపుతున్నరు.

మొన్న 18వ తారీఖు, శనివారం, పొద్దుగూకినంక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ కాడికి పోయిన. అంతకు ముందటి రోజే గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయిందన్న కబురు వచ్చింది. పోరగాండ్లు ఎట్లున్నరో చూద్దామని పోయిన. వాన అప్పుడే తగ్గింది. చెట్ల మీదికెల్లి నీళ్లు పడుతనే ఉన్నయి. ఆవరణల కూసోని చదువుకునెటోళ్లు పుస్తకాలు సంచిల పెట్టుకొని గోడలకు ఆనుకొని నిలవడ్డరు. ఒక తమ్ముడు నాకు ఫోన్ చూపిచ్చిండు. వాళ్లది వికారాబాద్ జిల్లా మర్పల్లి దిక్కు. ఫోటోల చేను లేదు, తెల్లగ ఉప్పు పోసినట్టు ఉంది. "అన్నా, గిది మా చేను. అందరు కశ్మీర్ కశ్మీర్ అని స్టేటస్ పెట్టుకుంటున్నరు. మా నాయిన మూడు రోజుల సంది ఆ గట్టు మీదనే కూసున్నడంట" అన్నడు. తర్వాత ఇంకో మాట అన్నడు. "ఎగ్జామ్ రద్దయిన ముచ్చట నేను నాయినకు చెప్పలేదు. చేను పోయిన ముచ్చట నాయిన నాకు రెండు రోజులు చెప్పలేదు."

ఆ పిలగానికి పల్చటి షర్టు తప్ప పైన ఏం లేదు. స్వెటర్ ఉందారా అంటే, సంక్రాంతికి పోయినప్పుడు ఊర్లెనే పెట్టొచ్చిన అన్నడు. మార్చిల స్వెటర్ ఎవలు తెచ్చుకుంటరు?

నేను రాస్తున్నది గీ రెండు కొసల గురించే. వానకు తడిసిన చేను ఒక కొస, అశోక్ నగర్ల రేకుల రూమ్ ఇంకో కొస. నడుమ ఉన్నది ఒక్కటే ఇల్లు.

ముందుగాల ఈ వాతావరణం సంగతి తేల్చుకుందాం. ఎందుకంటే వాట్సాప్‌ల ఏదేదో తిరుగుతున్నది. అణుబాంబు పరీక్షలంటడొకడు, కలియుగాంతమంటడు ఇంకొకడు. అసలు సంగతి ఏందంటే, 2023 ఫిబ్రవరి మామూలు ఫిబ్రవరి కాదు. దేశం మొత్తం మీద పగటి ఎండల సగటు 29.54 డిగ్రీలకు పోయింది. 1901 సంది లెక్కలు రాసుకుంట వస్తున్నరు, అప్పటి నుంచి గింత వేడి ఫిబ్రవరి లేదని వాతావరణ శాఖే చెప్పింది. ఆ వెంటనే మార్చి, ఏప్రిల్, మే నెలల్ల వడగాలులు ఎక్కువ ఉంటయని హెచ్చరిక సుత ఇచ్చింది. అందరం ఎండకు తయారై కూసున్నం. వచ్చింది రాళ్లవాన.

ఇది ఉల్టా ముచ్చట అనిపిస్తది గని కాదు. నేల బాగ కాగితె, దాని మీది గాలి వేడెక్కి పైకి లేస్తది. దానికి బంగాళాఖాతం నుంచి తేమ తోడైతది. సరిగ్గ అదే టైముకు వడమటి దిక్కు నుంచి వెస్టర్న్ డిస్టర్బెన్స్ అనే అలజడులు వస్తె పైన ఎత్తుల గాలి గడ్డకట్టే సల్లదనంల ఉంటది. కింద మంట, పైన మంచు. ఆ రెంటి నడుమ తేడా ఎంత ఎక్కువైతే మబ్బు అంత ఎత్తుకు లేస్తది. చినుకును గాలి పైకి తన్నుతది, అది గడ్డకడతది, కిందికి జారుతది, మళ్ల పైకి తన్నుతది. గట్ల పొర మీద పొర ఎక్కి, గాలి మొయ్యలేనంత బరువైనంక రాయై పడ్తది. అది పడేటప్పుడు పైనున్న సల్లగాలిని సుత తనతో గుంజుకొస్తది. అందుకే రాళ్లవాన పడ్డ పది నిమిషాలకే పండ్లు కొరుక్కునేంత చలి పుడ్తది. ఫిబ్రవరిల ఎండ దంచుడుకు, మార్చిల రాళ్లు పడుడుకు సంబంధం లేదనుకోవద్దు. భూమి వేడెక్కుతున్నదంటే రోజూ ఎండలే కొడతయని కాదు, కాలాలకున్న కట్టు తప్పుతదని. మన హైదరాబాద్ సముద్రానికి ఐదు వందల మీటర్లకు పైన ఎత్తుల ఉంది. ఇక్కడ చలి కొత్త కాదు. 1946 జనవరి 8న ఇదే పట్నంల 6.1 డిగ్రీలకు దిగింది. గని అది జనవరి. జనవరి చలికి మనం తయారుంటం, పంట సుత తయారుంటది. మార్చి చలికి ఎవలు తయారున్నరు?

పంట సంగతే చూడుండ్రి. మార్చి నడిమిల మక్క కంకి పాలు పోసుకొని గట్టిపడే టైము. వరి పొట్ట మీద, కొన్ని జాగల ఈనిక మీద ఉంటది. మామిడి నిమ్మకాయంత అయితది. ఖమ్మం, వరంగల్, మహబూబాబాద్ దిక్కు మిర్చి కల్లాలల్ల ఎర్రగ పరిచి ఉంటది. ఏడాది పొడుగూత చేసిన ఖర్చు మొత్తం చేన్ల ఉండి, చేతికి రూపాయి రాకముందటి పది పదిహేను రోజులు అవి. ఆ పది రోజులనే చూసుకొని కొట్టింది. మక్క కట్టె విరిగి నేల మీద పండుకుంటె మళ్ల లేవదు. మిర్చి తడిస్తె తాలు అయితది, రంగు పోతది, మార్కెట్ల సగం ధర సుత రాదు.

సర్కారు లెక్క ప్రకారం 2 లక్షల 28 వేల ఎకరాలు పోయినయి. అందుల సగానికి పైన, అంటే 1 లక్షా 29 వేల ఎకరాలు మక్కనే. వరి 72 వేల ఎకరాలు. మామిడి దగ్గర దగ్గర 9 వేలు. ఉగాది తెల్లారి, 23వ తారీఖు, ముఖ్యమంత్రి కేసీఆర్ ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాలు తిరిగి ఎకరానికి 10 వేలు ఇస్తమని చెప్పిండు. అన్నీ కలిపి 228 కోట్లు. కౌలు రైతుకు సుత అందాలె అన్నడు. మంచి మాటే. నేను ఈ సర్కారును పొగడుడు తక్కువ, గని కేంద్రం పెట్టిన నిబంధనతోని పోలిస్తె ఇది నయమే. విపత్తు సాయం కింద 2023ల కేంద్రం రేటు నీళ్లున్న పంటకు హెక్టారుకు 17 వేలు, వానాధార పంటకు 8,500 ఉండె. ఎకరానికి లెక్కేస్తె ఒకటి 6,880, ఇంకోటి 3,440. అది సుత రెండు హెక్టార్ల దాకనే, మూడో వంతు కన్న ఎక్కువ పంట పోతెనే. మూడు వేల నాలుగు వందలు! మిర్చి తోటల ఒక్కసారి మందు కొట్టుడుకు, దాన్ని కొట్టిన కూలికి చాలవు.

గని పది వేలంటే ఎంత? మక్క ఎకరం సాగుకు తక్కువల తక్కువ పాతిక వేలు అయితది. మిర్చికి లక్ష దాటుతది. కౌలుకు పట్టినోనికి ఆ పైన కౌలు. ఇంకో ముచ్చట ఏందంటే, పంటల బీమా. ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020ల బయటికి వచ్చింది. ఆ బీమా మంచిగుండెనని నేను అంటలేను. కంపెనీలకు ప్రీమియం పోవుడే గని రైతుకు వచ్చింది తక్కువని మేమే ధర్నాలు చేసినం. గని దాన్ని తీసేసినంక దాని జాగల ఏం పెట్టినం? ఏం పెట్టలే. గందుకే రైతు ఇయ్యాల ముఖ్యమంత్రి హెలికాప్టర్ దిక్కు చూడాల్సి వచ్చింది. హక్కు కావాల్సింది దయ అయింది. దయ ఈసారి దొరికింది. వచ్చేసారి ఎన్నికలు లేని ఏడాదిల వస్తె?

ఇగ కౌలు రైతు. ఇక్కడ నేను కొంచెం ఆగుత. ఎందుకంటే మీరు చదివే తమ్ముళ్లల్ల, చెల్లెండ్లల్ల సగం మంది ఇండ్లల్ల గిదే కథ. కౌలు రైతుకు ఇయ్యాలె అన్నడు గని కౌలు రైతు అని రాసి పెట్టిన కాయితం ఈ రాష్ట్రంల యాడుంది? ఉమ్మడి రాష్ట్రంల 2011ల అధీకృత సాగుదారుల చట్టం అని ఒకటొచ్చింది. దాని కింద రుణ అర్హత కార్డు ఇస్తుండె. తెలంగాణ వచ్చినంక ఆ చట్టాన్ని రద్దు చెయ్యలే, నడిపియ్యలే. అటకెక్కిచ్చిండ్రు, అంతే. రైతుబంధు పట్టాదారుకే వస్తుండె. ధరణిల కౌలుదారు కాలమే లేకుండె. ఇప్పుడు పంట నష్టం రాసుకునేది ఎవలు? ఏఈఓ. ఒక ఏఈఓకు ఐదు వేల ఎకరాలు. ఆయన చేను కాడికి వచ్చి "ఇది ఎవలది?" అని అడుగుతడు. పాసుబుక్ ఎవని పేరు మీద ఉంటె ఆయన పేరు రాసుడు ఆయనకు అలవాటు. పట్టాదారు పట్నంల ఉంటడు, పైసలు ఆయన ఖాతాల పడ్తయి. రాయి దెబ్బ తిన్నోడు ఒకడు, పైసలు తీసుకునెటోడు ఇంకొకడు. "పట్టాదారును మంచి చేసుకోండ్రి, సగమన్న ఇస్తడు" అని ఊర్ల పెద్దమనుషులు సలహా ఇస్తరు సూడు, దానంత ఒళ్లు మండేది నాకు ఇంకోటి లేదు.

ఇగ రెండో కొసకు వస్త.

2022 మార్చి 9న అసెంబ్లీల 80,039 కొలువుల ప్రకటన వచ్చింది. ఆ మాట ఊర్లల్లకు పోయినంక ఆర్టీసీ బస్సులు అశోక్ నగర్ కోసమే నడిచినట్టయింది. చేను కాయితం బ్యాంకుల పెట్టినోడు, గొర్లు అమ్మినోడు, అమ్మ పుస్తెలు కుదువ పెట్టినోడు. ఏప్రిల్‌ల గ్రూప్-1 నోటిఫికేషన్, 503 పోస్టులు. రాష్ట్రం వచ్చినంక అదే మొదటి గ్రూప్-1. అక్టోబర్ 16న 2 లక్షల 80 వేల మందికి పైగా ప్రిలిమ్స్ రాసిండ్రు. 2023 మార్చి 5న ఏఈ పరీక్ష అయింది, 13న పేపర్ లీకైందని అరెస్టులు, 17న గ్రూప్-1 ప్రిలిమ్స్‌తో పాటు ఏఈఈ, డీఏఓ సుత రద్దు. కొత్త ప్రిలిమ్స్ జూన్ 11. లీకు ముచ్చట మీద రోజు అందరు మాట్లాడుతున్నరు, సిట్ ఉంది, కోర్టులున్నయి. నేను ఇయ్యాల మాట్లాడేది అది గాదు. 17వ తారీఖుకు, జూన్ 11కు నడుమ మూడు నెలలు ఈ పిలగాండ్లు ఏ రూమ్‌ల ఉంటరు, ఏం తింటరు అన్నది నా పంచాది.

అశోక్ నగర్, చిక్కడపల్లి గల్లీలల్ల హాస్టల్ రూమ్ చూడనోళ్ల కోసం చెప్తున్న. ఇల్లు కట్టినోడు పైన ఖాళీ జాగల రేకులేసి దానికి పెంట్‌హౌస్ అని పేరు పెడ్తడు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల సుత గదే వరస. ఒక రూమ్‌ల నలుగురు, ఐదుగురు. 2023ల నెలకు ఐదారు వేలు ఉండె. ఎండకాలం ఆ రేకు పెనం అయితది, చలికి మంచు పలక అయితది. రాళ్లవాన పడ్డ రాత్రి రేకు మీద చప్పుడుకు నిద్ర లేదు, పొద్దున లేస్తె పరుపు అంచు తడి. గోడల మీద "హీటర్ రాడ్ వాడరాదు, వాడితే 500 జరిమానా" అని కాయితం. గీజరుంటె అది మొదట లేచిన ఇద్దరికే. తక్కిన ముగ్గురు సల్లనీళ్లు. నేను సుత ఒకప్పుడు ఈ గల్లీలల్లనే ఉన్నోన్ని. ఇరువై ఏండ్ల కిందట చిక్కడపల్లిల ఒక మెట్ల కింది రూమ్. డిగ్రీ మధ్యల ఆగింది, లైబ్రరీల పేపర్లు చదివి చదివి రాసుడు నేర్సుకున్న. ఆ లైబ్రరీల నాకు ఎక్కువ ఉపయోగపడ్డది పుస్తకాలు కాదు, నిజం చెప్పాలంటె. గోడలు, కప్పు. డిసెంబర్ పొద్దున ఎనిమిదింటికే గేటు కాడ నిలవడేటోన్ని, లోపల వెచ్చగ ఉంటదని. అప్పుడు నన్ను చదువు మీద భక్తి ఉన్న పోరడని ఒక సారు మెచ్చుకున్నడు. నేను అవుననే అన్న.

ఇప్పుడు ఆ హాస్టళ్ల గల్లీల రాత్రి పది గంటలకు నడువుండ్రి. ఒక్కటే దగ్గుల మోత. ఆ మార్చిల దేశమంతా హెచ్3ఎన్2 ఫ్లూ నడుస్తుండె. కర్ణాటకల ఒకరు, హర్యానాల ఒకరు చనిపోయిండ్రని 10వ తారీఖు కేంద్రమే చెప్పింది. చలి జ్వరం తేదు, వైరస్ తెస్తది. గని కిటికీలు మూసుకొని, తడి బట్టలు రూమ్‌లనే ఆరేసుకొని, ఐదుగురు ఒక్క గాలి పీల్చుకుంట పండుకుంటె ఒకనికి వచ్చింది ఐదుగురికి రాక ఏమైతది? నారాయణగూడ దాటితె నల్లకుంట ఫీవరాసుపత్రి, నడిచిపోయే దూరమే. గని మన పిలగాండ్లు పోరు. ఒక పూట పోతె కోచింగ్ క్లాసు పోతదని, మెడికల్ షాపుల నాలుగు గోలీలు అడిగి తెచ్చుకుంటరు. తమ్మీ, గది మంచిది గాదు. మూడు రోజులు జ్వరం తగ్గకపోతె, దమ్ము వస్తె పోవాలె. ఆడ చీటీకి పైసలు ఎక్కువ గావు.

18వ తారీఖు మంత్రి కేటీఆర్ ప్రెస్ మీట్‌ల కొన్ని మాటలిచ్చిండు. మళ్ల ఫీజు కట్టే పని లేదన్నడు. మెటీరియల్ ఆన్‌లైన్ల ఉచితంగ పెడ్తమన్నడు. స్టడీ సర్కిళ్లల్ల రీడింగ్ రూములు 24 గంటలు తెరుస్తమన్నడు. ఇందుల మూడోది చిన్న మాట లెక్క కొడ్తది గని నాకు అదే పెద్ద మాట. రాత్రిపూట తెరిచి ఉండే వెచ్చటి గది అంటే రేకుల రూమ్‌ల ఉండెటోనికి అది చదువు ఒక్కటే కాదు, పాణం. ఆ మాటను పట్టుకోవాలె. ఒక్క స్టడీ సర్కిల్ ఎందుకు, చిక్కడపల్లి లైబ్రరీ సుత రాత్రి తెరువాలె. అట్లనే ఊరి దిక్కు, మండల కేంద్రంల ఉన్న గ్రంథాలయం. వాటికి తాళం వేసి, అందరిని అశోక్ నగర్‌కు తరిమినందుకే ఈ రూముల కిరాయి ఇంత పెరిగింది.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఇంకో లోకం ఉంది. మీరు బస్సుల పోయేటప్పుడు చూసే ఉంటరు. వాన పడ్డప్పుడు ఫుట్‌పాత్ మీద పండెటోళ్లందరు అక్కడికే జరుగుతరు. పై నుంచి నీళ్లు పడవు గని గాలి రెండు దిక్కుల నుంచి కొడ్తది. మొన్న ఒక ముసలాయన ఎన్నికల ఫ్లెక్సీ కప్పుకొని పండుకున్నడు. అందుల ఉన్న నాయకుని మొఖం సరిగ్గ ఆయన మోకాళ్ల మీదికొచ్చింది. ఆ నాయకుడు జనానికి అక్కరకొచ్చింది బహుశా ఆ రాత్రే.

ఈ ముసలాయన రేపు చనిపోతె ఏ లెక్కల రాస్తరు? ఇక్కడ నిబంధన చూడాలె. మన దేశ విపత్తుల జాబితాల చలిగాలులు ఉన్నయి, 2012ల కలిపిండ్రు. రాళ్లవాన సుత ఉంది. 2023 మార్చి నాటికి వడగాలి లేకుండె. అది వేరే లొల్లి, ఇంకోసారి మాట్లాడుకుందాం. గని చలిగాలి అని వాతావరణ శాఖ ఎప్పుడు అంటది? మైదానంల రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీలు గాని అంతకన్న తక్కువ గాని ఉండాలె, అది మామూలు కన్న నాలుగున్నర డిగ్రీలు తగ్గాలె. మార్చిల హైదరాబాద్‌ల పది డిగ్రీలకు దిగుడు అయ్యే పని గాదు. అంటే కాయితం మీద మార్చిల ఈ పట్నంల చలే ఉండదు. చలి లేనప్పుడు చలి చావు యాడిది? "అనారోగ్యంతో గుర్తు తెలియని వ్యక్తి మృతి" అని పేపర్ల రెండు లైన్లు వస్తయి, అంతే.

మనిషి పెయ్యికి ఆ నిబంధన తెల్వది. బట్టలు తడిసి, గాలి కొట్టి, కడుపుల అన్నం లేకపోతె పదిహేను పదహారు డిగ్రీలు సుత ముసలోన్ని, పసిపిల్లను, తాగి పడ్డోన్ని చంపగలుగుతది. తడి బట్ట పొడి బట్ట కన్న ఎన్నో రెట్లు జల్ది పెయ్యి వేడిని గుంజుతది. ఎండకాలం పట్నంల అడుగడుగున చలివేంద్రం పెడ్తరు. పేరుల చలి ఉంది, పని ఎండది. అసలు చలికి ఏ వేంద్రం లేదు.

లేదంటె సర్కారుకు చెప్పేటోడు లేక కాదు. సుప్రీం కోర్టు 2010లనే చెప్పింది. ఐదు లక్షల జనాభా దాటిన పట్నంల ప్రతి లక్ష మందికి ఒక షెల్టర్ ఉండాలె, రాత్రి పగలు ఏడాది పొడుగూత నడువాలె అని. 2013ల కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్ కింద అదే లెక్కను పథకంల పెట్టింది, లక్ష మందికి వంద మంది పండే జాగ అని. 2011 జనాభా లెక్కల జీహెచ్‌ఎంసీ జనాభా 67 లక్షలు. అంటే ఆ పాత లెక్కకే 67 షెల్టర్లు. మీరు నారాయణగూడ చౌరస్తా కాడ దిగి, చిక్కడపల్లి మీదికెల్లి ఆర్టీసీ క్రాస్ రోడ్డు దాకా నడువుండ్రి. ఎన్ని థియేటర్లున్నయో లెక్కపెట్టుండ్రి, ఎన్ని కోచింగ్ సెంటర్లున్నయో లెక్కపెట్టుండ్రి, ఎన్ని షెల్టర్లున్నయో లెక్కపెట్టుండ్రి. తల మీద ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి లేచింది, కార్లు సిగ్నల్ల ఆగొద్దని. మంచిదే, ట్రాఫిక్ సుత సమస్యనే. గని దాని కింద పండుకునెటోని గురించి ఒక్క డ్రాయింగు సుత గీసిండ్రా?

"గిది గరీబు దేశం, గట్లనే ఉంటది" అనెటోళ్లకు ఒక ముచ్చట. మన ఊర్లల్లకెల్లి పోయి డాలస్‌ల, ఆస్టిన్‌ల, హ్యూస్టన్‌ల ఉన్నోళ్లు మస్తు మంది. వాళ్లను అడుగుండ్రి 2021 ఫిబ్రవరి గురించి. టెక్సాస్ అంటే మన లెక్కనే వేడి జాగ. ఫిబ్రవరి నడిమిల ఉత్తర ధ్రువం గాలి కిందికి జారింది, ఒక వారం గడ్డకట్టే చలి. అమెరికాల తక్కిన రాష్ట్రాల కరెంటు లైన్లతోని కలవకుంట టెక్సాస్ తన గ్రిడ్‌ను తానే నడుపుకుంటది. నిబంధనలు తక్కువ ఉంటయని, కంపెనీలకు లాభమని. గ్యాస్ పైపులు గడ్డకట్టినయి, కరెంటు ప్లాంట్లు ఆగినయి. 45 లక్షల ఇండ్లకు కరెంటు బంద్. సాఫ్ట్‌వేర్ కొలువున్న మనోళ్లు కారు స్టార్ట్ చేసి అందుల పిల్లలను పండబెట్టుకున్నరు, బకెట్ల మంచు నింపుకొచ్చి కరిగిచ్చి బాత్రూముల పోసుకున్నరు. ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ రాసిన చావుల లెక్క 246. అందుల ఎక్కువ మంది చలికే పోయిండ్రు. 2011లనే ఒకసారి గిట్లయింది, ప్లాంట్లకు చలి తట్టుకునే ఏర్పాటు చెయ్యుండ్రని రాసిచ్చిండ్రు. పదేండ్లు ఎవలు పట్టించుకోలే. ఎందుకంటే "మనది వేడి జాగ, చలి ఎప్పుడో గాని రాదు" అనే ధీమా.

పైసల్లేక కాదు చచ్చింది. "ఇక్కడ రాదు" అన్న మాటకు చచ్చిండ్రు. గదే మాట మనం రోజు అంటున్నం. ఒక తేడా ఉంది. అక్కడ 246 అని లెక్క రాసిండ్రు. లెక్క ఉంది గనుక కోర్టులల్ల కేసులు పడ్డయి, చట్టం మార్చుకున్నరు. ఇక్కడ లెక్కే లేదు. లెక్కల లేనోని కోసం బడ్జెట్‌ల పైసలు ఎట్ల పెడ్తరు?

కొందరు దోస్తులు నన్నడిగిండ్రు. లీకు మీద ఇంత లొల్లి అయితుంటె నువ్వు వాన, చలి అని రాస్తవేంది, ముచ్చట పక్కకు పోదా అని. నాకైతె రెండు వేరు వేరు అనిపిస్తలేవు. మర్పల్లి దిక్కు తమ్ముని నాయిన వానకు భయపడే కొడుకును పట్నం పంపిండు. "ఈ మబ్బు మీద ఆధారపడ్డ బతుకు నాతోనే పోవాలె, నువ్వు నెల జీతం తెచ్చుకో" అని. పిలగానికి నెలకు ఆరు వేలు పంపేది ఆ చేన్లకెల్లే. చేను పోయిందంటె హాస్టల్ ఫీజు పోయినట్టే. జూన్ 11 దాకా అశోక్ నగర్ల ఉండెటోడు ఎవడు, సంచి సదురుకొని ఊరికి పోయెటోడు ఎవడు అన్నది ఇప్పుడు చదువు తేలుస్తలేదు, రాళ్లవాన తేలుస్తున్నది. అదే పరీక్షకు నౌకరి చేసుకునె తల్లిదండ్రుల పిల్లలు సుత చదువుతున్నరు, వాళ్ల ఫీజు మీద రాళ్లు పడవు. సమాన అవకాశం అంటరు గదా.

గందుకే మన అడుగుడు రెండు దిక్కుల ఉండాలె. ధర్నా చౌక్ మనకు పక్కపొంటే ఉంది. లీకు మీద కూసున్నప్పుడు ఆ డిమాండ్ల కాయితంల ఇంకో రెండు లైన్లు కలుపుండ్రి. పంట పోయిన ఇండ్ల పిల్లలకు జూన్ పరీక్ష దాకా హాస్టల్, భోజనం సర్కారు పెట్టుకోవాలె. పేరు రాసుకునుడుకు పెద్ద కష్టం లేదు, నష్టపోయిన రైతుల లిస్టు ఎట్లనూ తయారైతున్నది, అదే లిస్టు. ప్రైవేటు హాస్టళ్ల మీద జీహెచ్‌ఎంసీ ఒక కన్నెయ్యాలె. రేకుల కింద ఎంత మందిని పెడ్తున్నరు, వేడినీళ్లు ఉన్నయా లేవా అని. ఇది పెద్ద విప్లవమేం కాదు, హోటళ్లకు చేసే తనిఖీ లెక్కనే.

ఇగ ఊరి పని. ఇది తెల్లారంగనే చెయ్యాల్సింది. ఈ వారం రోజులల్ల నష్టం రాసుకునుడు నడుస్తది. నాయినకు ఫోన్ చెయ్యుండ్రి. పడిపోయిన చేను ఫోటోలు తియ్యమనుండ్రి, తారీఖు, లొకేషన్ వచ్చేటట్టు. దున్ని సాపు చెయ్యకముందే తియ్యాలె. నాయినకు రాకపోతె పక్కింటి తమ్మునికి చెప్పుండ్రి. కౌలు భూమైతె పంట ఎవలు వేసిండ్రో పక్క చేన్ల రైతులు ఇద్దరు ముగ్గురితోని కాయితం మీద రాయిచ్చి సంతకాలు పెట్టిచ్చుకోవాలె. విత్తనాల, ఎరువుల బిల్లులు ఎవని పేరు మీదుంటె అవి సుత దానికి కలపాలె. రైతు వేదిక కాడికి పోయి ఏఈఓను "మా పేరు రాసిండ్రా, ఏ పేరు రాసిండ్రు" అని అడగాలె. రాయకపోతె దరఖాస్తు రెండు కాపీలు. ఒకటి ఆఫీసుల ఇచ్చి, ఇంకోదాని మీద ముద్ర ఏయిచ్చుకోవాలె. ముద్ర లేని దరఖాస్తు దరఖాస్తు కాదు. ఈ మాట నేను చాన దెబ్బలు తిన్నంక నేర్సుకున్న.

ఆ మర్పల్లి తమ్ముడు నిన్న మెసేజ్ పెట్టిండు. వాళ్లది మూడెకరాలు, అందుల రెండు కౌలు. ఏఈఓ వచ్చి ఒక్క ఎకరమే రాసుకొని పోయిండంట. తమ్ముడు పొద్దుగాల బస్సుకు ఊరికి పోతున్నడు, తక్కిన రెండెకరాలు రాయిచ్చుడానికి. పుస్తకాల సంచి రూమ్‌లనే పెట్టిండు. కిరాయి ఈ నెలాఖరు దాకా కట్టి ఉంది.